కుర్చీ దాకా తీసుకెళ్లే శిక్షణ: బ్రోడ్ అకాడమీపై ఒక సమీక్ష

అమెరికాలో ప్రభుత్వ బడులను నడిపేది కేంద్ర ప్రభుత్వం కాదు, చాలాచోట్ల రాష్ట్ర ప్రభుత్వం కూడా నేరుగా నడపదు. దేశమంతటా పదమూడు వేలకు పైగా ఉన్న స్కూల్ డిస్ట్రిక్టులే ఆ బాధ్యత మోస్తాయి. సాధారణంగా ఒక్కో డిస్ట్రిక్టుకు ఓటర్లు ఎన్నుకున్న బోర్డు ఒకటి, ఆ బోర్డు ఒప్పందం మీద నియమించుకున్న సూపరింటెండెంట్ ఒకరు ఉంటారు. ఈ పదవిని మన జిల్లా విద్యాశాఖాధికారి పదవితో పోల్చాలనిపిస్తుంది గాని ఆ పోలిక కొంతదూరమే నడుస్తుంది. డీఈవో జవాబు చెప్పుకోవలసింది పైవారికి, అంటే కమిషనరేటుకూ సచివాలయానికీ. సూపరింటెండెంట్ జవాబు చెప్పుకోవలసింది ఏడుగురో తొమ్మిదిమందో ఉన్న బోర్డుకు, ఆ బోర్డును ఎన్నుకున్న తల్లిదండ్రులకు, పక్కనే ఉపాధ్యాయ సంఘానికి, బడుల కోసం ఆస్తి పన్ను కట్టే ఇంటి యజమానులకు. పెద్ద నగరాలలో బడ్జెట్ వందల కోట్ల డాలర్లలో ఉంటుంది. బస్సులు, భోజనాలు, భవనాలు, జీతాల ఒప్పందాలు అన్నీ ఆ ఒక్క కార్యాలయం కిందికే వస్తాయి. అటువంటి కుర్చీలో కూర్చునేవారికి ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వాలన్న ఆలోచనలో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ శిక్షణను రెండు దశాబ్దాల పాటు అందించిన లాభాపేక్ష లేని సంస్థ లాస్ ఏంజెలెస్‌లోని బ్రోడ్ సెంటర్. దాని ప్రధాన కార్యక్రమమైన బ్రోడ్ అకాడమీ ఏమి ఇచ్చింది, ఏమి ఇవ్వలేకపోయింది అన్నదే ఈ సమీక్ష.

సంస్థకు డబ్బు పెట్టిన ఈలై బ్రోడ్ 1933లో పుట్టి డెట్రాయిట్‌లో పెరిగి, అకౌంటెంటుగా మొదలై, ఇళ్లు కట్టే వ్యాపారంలోనూ ఆ తర్వాత బీమా, పదవీ విరమణ పొదుపుల వ్యాపారంలోనూ రెండు మహా సంస్థలను నిలబెట్టిన వ్యక్తి. 1999లో రెండో సంస్థను అమ్మి, ఆ సంపదను దానధర్మాల వైపు మళ్లించారు. నగరాల ప్రభుత్వ బడులు వెనుకబడడానికి కారణం ఉపాధ్యాయులో పిల్లలో కాదనీ, నిర్వహణ లోపమనీ ఆయన గట్టిగా నమ్మారు. ఒక కంపెనీకి సమర్థుడైన ముఖ్య కార్యనిర్వాహకుడు ఎలాగో డిస్ట్రిక్టుకు సూపరింటెండెంట్ అలాగే అన్నది ఆయన మూలసూత్రం. 2001లో మొదలైన ఈ కేంద్రం 2002లో తొలి బృందాన్ని తీసుకుంది. ఏటా ఇరవై పాతిక మందికి మించకుండా ఎంపిక చేసి, ఉద్యోగాలు మానుకోనక్కర లేకుండా దాదాపు పది నెలల పాటు వేర్వేరు నగరాలలో దీర్ఘ వారాంతపు తరగతులు పెట్టేవారు. రుసుము లేదు, ప్రయాణ ఖర్చులూ సంస్థవే. చదువు ముగిశాక అభ్యర్థిని బోర్డుల ముందుకు తీసుకెళ్లడం, ఉద్యోగం వచ్చాక సలహాదారులను సమకూర్చడం కూడా సేవలో భాగమే. సేవ నాణ్యత మాత్రమే చూస్తే ఇంతకంటె ఉదారమైన ఏర్పాటు ఆ రంగంలో లేదు.

విద్యార్థుల ఎంపికలోనే అసలు ప్రత్యేకత కనిపిస్తుంది. అనుభవజ్ఞులైన విద్యాధికారుల పక్కనే రిటైరైన సైనిక జనరళ్లు, నగర పాలనాధికారులు, ఆర్థికాధికారులు, న్యాయవాదులు కూర్చునేవారు. బడిలో ఒక్క రోజైనా పాఠం చెప్పనివారు లక్షమంది పిల్లలున్న డిస్ట్రిక్టును నడపగలరా అన్న ప్రశ్నకు అకాడమీ సమాధానం నిస్సంకోచంగా 'నడపగలరు' అన్నదే. ఈ జవాబుపై అమెరికాలో ఉపాధ్యాయ సంఘాలు మొదటినుంచీ మండిపడ్డాయి. ఆ కోపంలో కొంత వృత్తి అభిమానం ఉంది, కొంత న్యాయమూ ఉంది. అయితే ఈ ఎంపిక చేసిన ఒక మేలును విమర్శకులు సాధారణంగా దాటవేస్తారు. సూపరింటెండెంట్ల లోకం చాలాకాలం తెల్లజాతి మగవారి లోకంగానే ఉండేది. బ్రోడ్ పట్టభద్రులలో నల్లజాతివారి వాటా సాటి సూపరింటెండెంట్లలో కంటే స్పష్టంగా ఎక్కువ. దీనికి తోడు 2003లో మొదలైన రెసిడెన్సీ కార్యక్రమం ఎంబీఏ వంటి పట్టాలున్న యువ నిపుణులను రెండేళ్ల పాటు డిస్ట్రిక్టుల కేంద్ర కార్యాలయాలలో పూర్తికాలపు ఉద్యోగాలలో పెట్టింది. జీతాల లెక్కలు, బస్సు మార్గాలు, కొనుగోళ్లు వంటి ఎవరూ మెచ్చుకోని పనులలో వారు తెచ్చిన క్రమశిక్షణ నిజమైనదే. నన్నడిగితే ఈ సంస్థ చేసిన పనులలో వాదానికి తక్కువ చోటిచ్చేది, ఫలితం ఎక్కువ ఇచ్చేది రెసిడెన్సీయే. పేరు మాత్రం అకాడమీకి వచ్చింది.

అకాడమీ ఆలోచనా ధోరణి ఎటువంటిదో తెలుసుకోవడానికి 2009లో బ్రోడ్ వర్గం వెలువరించిన ఒక మార్గదర్శిని చూస్తే చాలు. దాని విషయం బడుల మూసివేత. బడ్జెట్ లోటులో ఉన్న డిస్ట్రిక్టు ఏ బడులను మూయాలో ఎలా ఎంచుకోవాలి, ఎవరెవరితో బృందం కట్టాలి, బోర్డు తీర్మానానికి ఎన్ని నెలల ముందు ఏ పని మొదలుపెట్టాలి, తల్లిదండ్రులకు, పత్రికలకు ఎప్పుడేమి చెప్పాలి అన్నవన్నీ అందులో అంచెలంచెలుగా ఉన్నాయి. ఒక అధికారి చేతిలో పెట్టదగిన పత్రంగా అది నిజంగా పనికొచ్చేదే. పిల్లలు తగ్గి సగం గదులు ఖాళీగా ఉన్న భవనాలను వేడిచేయడానికి డబ్బు తగలేయడం కంటే మూయడమే మేలన్న తర్కాన్ని కాదనలేం. ఇబ్బంది ఎక్కడంటే, బడి మూసివేత ఆ పేటకు ఒక దెబ్బ అన్న సంగతి ఆ పత్రంలో 'సమాచార ప్రణాళిక' అన్న శీర్షిక కిందికి చేరిపోతుంది. తల్లిదండ్రులు వినవలసినవారుగా, ఒప్పించవలసినవారుగా కనిపిస్తారే తప్ప నిర్ణయంలో భాగస్వాములుగా కనిపించరు. మన రెండు రాష్ట్రాలలో రేషనలైజేషన్ పేరుతో బడులు కలిపినప్పుడు ఊళ్లలో జరిగిన గొడవలు చూసినవారికి ఈ లోపం వెంటనే పట్టుబడుతుంది.

ఇక ఫలితాలు. థామస్ డీ, సుసానా లోబ్, యింగ్ షి అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని పెద్ద డిస్ట్రిక్టుల ఇరవై ఏళ్ల సమాచారాన్ని ముందుపెట్టుకుని, బ్రోడ్ శిక్షణ పొందిన సూపరింటెండెంట్లను తక్కినవారితో పోల్చి చూశారు. విద్యార్థుల నమోదు, ఖర్చు, బడుల మూసివేత, చదువు పూర్తిచేసేవారి సంఖ్య వంటి విషయాలలో చెప్పుకోదగ్గ తేడా ఏదీ వారికి కనిపించలేదు. ప్రభుత్వ సొమ్ముతో నడుస్తూ డిస్ట్రిక్టు అదుపులో లేని చార్టర్ స్కూళ్లలో చేరే పిల్లల సంఖ్య పెరిగే ధోరణి ఒకటి మినహాయింపుగా తేలింది. రెండోది ఇంకా ముఖ్యం: బ్రోడ్ పట్టభద్రులు పదవిలో ఉన్న కాలం సాటివారి కంటే తక్కువ. అద్భుతాలు జరిగాయని పొగిడినవారికీ, ప్రభుత్వ విద్యను కూల్చేశారని తిట్టినవారికీ ఈ అధ్యయనం సమానంగానే నిరాశ కలిగించింది. నాకు మాత్రం పదవీకాలం సంగతి దగ్గరే చూపు ఆగిపోయింది, ఎందుకంటే తక్కిన ఫలితాలు కనిపించకపోవడానికి కారణం కూడా చాలావరకు అక్కడే ఉంది. డిస్ట్రిక్టులో ఒక పాఠ్య పద్ధతి మారి, ఉపాధ్యాయులకు అలవాటై, పిల్లల మార్కులలో కనిపించడానికి నాలుగైదేళ్లు పడుతుంది. అంతకాలం నిలవని అధికారి తెచ్చిన మార్పు మంచిదో చెడ్డదో తేలేలోపే మరొకరు వచ్చి దాన్ని మార్చేస్తారు.

నిలవలేకపోవడం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి నార్త్ కరోలినాలోని వేక్ కౌంటీ మంచి ఉదాహరణ. క్యారీ, మారిస్‌విల్, ఏపెక్స్ ఊళ్లు ఆ కౌంటీలోనివే కనుక మనవాళ్లకు ఇది పరాయి చోటు కాదు. క్యారీలో వేంకటేశ్వరాలయం కట్టుకున్న తెలుగు కుటుంబాల పిల్లలలో చాలామంది చదివేది ఆ డిస్ట్రిక్టులోనే. ఆర్థికంగా వేర్వేరు స్థాయిల పిల్లలు ఒకే బడిలో కలిసేలా ఇళ్లకు దూరపు బడులకు సైతం పిల్లలను కేటాయించే విధానం అక్కడ ఏళ్ల తరబడి నడిచింది. 2009 ఎన్నికలలో బోర్డులో ఆధిక్యం చేతులు మారి ఆ విధానానికి స్వస్తి చెప్పారు. ఆ వేడిలో, 2011 జనవరిలో, ఆంథొనీ టాటా సూపరింటెండెంట్‌గా వచ్చారు. ఆయన రిటైరైన బ్రిగేడియర్ జనరల్, 2009 నాటి బ్రోడ్ అకాడమీ పట్టభద్రుడు. తల్లిదండ్రులు తమ ఇష్టాలను వరుసగా రాసిస్తే బడులు కేటాయించే కొత్త పద్ధతిని తెచ్చారు. 2011 చివరికి బోర్డు మళ్లీ రెండో పక్షం చేతికి వెళ్లింది. 2012 ఆగస్టులో బడులు తెరిచేనాటికి ఖర్చు తగ్గించేందుకు బస్సుల సంఖ్య కుదించి మార్గాలు మార్చారు. బస్సులు ఆలస్యంగా రావడం, కొన్నిచోట్ల అసలు రాకపోవడం, ఆఫీసులకు వెళ్లవలసిన తల్లిదండ్రులు రోడ్డు పక్కన పిల్లలతో నిలబడిపోవడం రోజూ వార్తలయ్యాయి. సెప్టెంబరులో బోర్డు 5–4 ఓట్లతో ఆయనను తొలగించింది. రెండేళ్లు కూడా నిండలేదు.

బస్సులే కారణమని అనుకుంటే పొరపాటు. తనను నియమించిన బోర్డు ఓడిపోయిన తర్వాత కొత్త బోర్డుతో, వారి వెనుక ఉన్న తల్లిదండ్రులతో చెలిమి కలుపుకునే నేర్పు ఆయనకు లేకపోయింది. బస్సులు ఒక సందు చూపించాయి, అంతే. సైన్యంలో రవాణా, సరఫరాలు తెలిసిన జనరల్ బస్సు మార్గాల దగ్గర దెబ్బతినడం విచిత్రంగానే అనిపిస్తుంది గాని, సైన్యంలో పటాలం నాయకుణ్ణి ఓటు వేసి పంపించదు.

ఇదే కథ వేర్వేరు రూపాలలో అకాడమీ పట్టభద్రులు నడిపిన మరికొన్ని నగరాలలోనూ నడిచింది. షికాగోకు 2011లో వచ్చిన జాన్-క్లాడ్ బ్రిజార్డ్, పాతికేళ్లలో మొదటిసారిగా ఉపాధ్యాయులు సమ్మె చేసిన 2012 సెప్టెంబరు దాటి నెల తిరగకముందే పదవి వదిలారు. లాస్ ఏంజెలెస్‌లో జాన్ డీసీ ప్రతి విద్యార్థికీ ఐప్యాడ్ ఇస్తామని 130 కోట్ల డాలర్ల పథకం ప్రకటించారు. పంచిన కొద్ది రోజులకే పిల్లలు దానిలోని రక్షణ ఏర్పాట్లను తప్పించుకోవడం నేర్చేశారు, కొనుగోలు జరిగిన తీరుపై ప్రశ్నలు లేచాయి, 2014 అక్టోబరులో ఆయన రాజీనామా చేశారు. వాషింగ్టన్ నగరంలో ఆంట్వాన్ విల్సన్ కుమార్తెకు, బడి సీట్లను లాటరీ తీసి ఇవ్వాలన్న నిబంధనకు భిన్నంగా, కోరుకున్న బడిలో సీటు దొరికిందని బయటపడడంతో 2018 ఫిబ్రవరిలో తప్పుకున్నారు. ఆ నిబంధనను అధికారుల పిల్లలకు సైతం వర్తించేలా బిగించినది స్వయంగా ఆయనే. వీరెవరూ తెలివితక్కువవారు కారు, సోమరులు కారు. వారిలో కొందరి ఆలోచనలు మంచివి కూడా. ఊరి నాడి పట్టుకోవడం మాత్రం వీరికి రాలేదు, ఆ విద్యకు పాఠ్యప్రణాళికలో తగినంత చోటు ఉన్నట్లూ లేదు.

ఈ మాటకు సాక్ష్యం కోసం బయటివారి విమర్శల దాకా వెళ్లనక్కర లేదు. ఈలై బ్రోడ్ దాతృత్వ సంస్థ అయిన బ్రోడ్ ఫౌండేషన్ తానే 2002 నుంచి 2014 వరకు నగర డిస్ట్రిక్టులకు ఒక బహుమతి ఇచ్చింది. దానికి దరఖాస్తు చేసుకునే వీలు లేదు. దేశంలోని పెద్ద నగర డిస్ట్రిక్టుల లెక్కలన్నీ తీసి, పేద పిల్లల, నల్లజాతి, లాటినో పిల్లల చదువు ఎక్కడ మెరుగుపడిందో చూసి, నిపుణులను బడులకు పంపి, విజేతను ఎంచి, ఆ డిస్ట్రిక్టు విద్యార్థులకు స్కాలర్‌షిప్పులుగా సొమ్ము ఇచ్చేవారు. ఆ విజేతల జాబితాను అకాడమీ పట్టభద్రుల చరిత్ర పక్కన పెట్టి చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్లు కనబడుతుంది. 2003 విజేత కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్. అక్కడ కార్ల్ కోన్ 1992 నుంచి పదేళ్లు, ఆయన తర్వాత అక్కడి బడులలోనే చదివి అక్కడే ఉపాధ్యాయుడైన క్రిస్ స్టైన్‌హౌసర్ 2020 వరకు సూపరింటెండెంట్లుగా ఉన్నారు. దాదాపు మూడు దశాబ్దాలలో ఇద్దరే. 2006లో గెలిచిన బోస్టన్‌లో టామ్ పేజెంట్ పదకొండేళ్లు ఉన్నారు. అట్లాంటా పక్కన గ్విన్నెట్ కౌంటీ 2010లోనూ 2014లోనూ గెలిచింది. సువానీ, డులూత్ ప్రాంతాల తెలుగువారికి ఆ డిస్ట్రిక్టు బాగా తెలుసు. అక్కడ ఆల్విన్ విల్‌బ్యాంక్స్ 1996 నుంచి 2021 వరకు పాతికేళ్లు ఒకే కుర్చీలో ఉన్నారు, అంతకుముందు అదే కౌంటీలోని సాంకేతిక కళాశాలకు అధ్యక్షుడు. 2012 విజేత మయామీలో అల్బర్టో కార్వాలో ఆ ఊరి హైస్కూలులోనే భౌతికశాస్త్రం చెప్పి ఎదిగిన మనిషి, 2008 నుంచి పద్నాలుగేళ్లు నడిపారు. 2018లో న్యూయార్క్ నగరం పిలిస్తే, టీవీ కెమెరాల ముందు జరిగిన బోర్డు సమావేశంలోనే రానని చెప్పేశారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెతను ఈ మనుషులు అక్షరాలా పాటించినట్లున్నారు. ఒక చేత్తో బయటివారిని తయారుచేసి పంపిన ఫౌండేషన్ మరో చేత్తో బహుమతి ఇచ్చింది మాత్రం చాలావరకు ఊరివారికి, ఊరిలో నిలిచిపోయినవారికి. ఈ పొసగనితనాన్ని ఈలై బ్రోడ్ వంటి లెక్కల మనిషి గమనించలేదంటే నమ్మడం కష్టం. 2015లో బహుమతిని ఆపివేస్తూ నగర డిస్ట్రిక్టులలో ప్రగతి మందగించిందన్న కారణం చెప్పారు గాని, గెలిచిన డిస్ట్రిక్టుల పద్ధతిని అకాడమీ ఎందుకు నేర్పడం లేదన్న ప్రశ్నకు జవాబు రాలేదు. నిజాయితీగా చెప్పాలంటే కనీసం ఒక మినహాయింపు ఉంది. 2011 విజేత షార్లట్-మెక్లెన్‌బర్గ్ డిస్ట్రిక్టును అయిదేళ్లు నడిపిన పీటర్ గోర్మన్ అకాడమీ పట్టభద్రుడే, ఆయన చేసిన పనికి ఆ బహుమతి తగినదే. బలమైన ప్రిన్సిపాళ్లను, మంచి ఉపాధ్యాయులను బలహీనమైన బడులకు ఒప్పించి పంపడం ఆయన తెచ్చిన పద్ధతి. కాని సెప్టెంబరులో బహుమతి ప్రకటించేనాటికి ఆయన ఆ ఊళ్లో లేరు, అంతకు మూడు నెలల క్రితమే రాజీనామా ప్రకటించి, ఒక మీడియా సంస్థ విద్యా విభాగంలో ఉద్యోగానికి వెళ్లిపోయారు.

అకాడమీ బలమూ బలహీనతా ఒకే మనిషిలో చూడాలంటే టెక్సస్ వెళ్లాలి. మైక్ మైల్స్ సైన్యంలో రేంజర్‌గా, ఆ పైన విదేశాంగ శాఖలో పనిచేసి, కొలరాడోలో ఒక చిన్న డిస్ట్రిక్టును నడిపి, 2011లో అకాడమీ పూర్తిచేసి, 2012లో డాలస్‌కు వచ్చారు. ఏళ్ల సీనియారిటీకి బదులు పనితీరును బట్టి ఉపాధ్యాయుల జీతం నిర్ణయించే విధానాన్ని అక్కడ ప్రవేశపెట్టారు. బాగా వెనుకబడిన బడులకు మంచి ఉపాధ్యాయులను అదనపు భృతి ఇచ్చి పంపే పథకానికి పునాది కూడా ఆయన హయాంలోనే పడింది. ఆ బడులలో మార్కులు నిజంగా పెరిగాయి, భృతి ఆపగానే తగ్గిపోయాయి. అంటే పథకం సరైనదేనని తేలింది, బడ్జెట్‌కు భారమనీ తేలింది. బోర్డుతో తగవులు ముదిరి 2015లో ఆయన రాజీనామా చేశారు. ఆయన వెళ్లాక కూడా ఆ రెండు పథకాలు కొనసాగాయన్నది ఆయన ఖాతాలో వేయవలసిన మంచి మార్కు.

2023 జూన్‌లో టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్ డిస్ట్రిక్టును స్వాధీనం చేసుకుని, ఎన్నికైన బోర్డును పక్కనపెట్టి, మైల్స్‌ను సూపరింటెండెంట్‌గా కూర్చోబెట్టింది. హ్యూస్టన్ తెలుగువారిలో ఎక్కువమంది కేటీ, షుగర్‌ల్యాండ్ వైపు వేరే డిస్ట్రిక్టులలో ఉంటారు కనుక ఈ మార్పు మనవాళ్ల ఇళ్లను పెద్దగా తాకలేదు. బ్రోడ్ అకాడమీ దృష్టి మొదటినుంచీ పెద్ద నగరాల మీదే ఉంది, మనవాళ్లు ఇళ్లు కొనేది శివార్లలో. ఎన్నికల భయం లేని సూపరింటెండెంట్ ఏమి చేస్తాడో చూడడానికి హ్యూస్టన్ ఒక ప్రయోగశాల అయింది. ఆయన పద్ధతి అమలైన బడిలో తరగతి ఇలా సాగుతుంది: డిస్ట్రిక్టు కేంద్రంలో ఒకే అచ్చులో పోసినట్లు తయారుచేసిన పాఠాన్ని ఉపాధ్యాయుడు ముప్పావు గంట చెబుతాడు, వెంటనే చిన్న పరీక్ష పెడతారు, పాఠం అర్థమైన పిల్లలు కాగితాలు పట్టుకుని 'టీమ్ సెంటర్' అనే గదికి వెళ్లి ముందు పాఠం చేసుకుంటారు, అర్థం కానివారు తరగతిలోనే ఉండి మళ్లీ వింటారు. ఆ టీమ్ సెంటర్ చాలా బడులలో ఒకప్పటి గ్రంథాలయం. గ్రంథపాలకుల ఉద్యోగాలు తీసేసి, ఆ గదులను ఇందుకు వాడారు.

ఫలితం ఏమిటి? రాష్ట్ర పరీక్షలలో మార్కులు పెరిగాయి, 2025లో వచ్చిన రేటింగులలో అట్టడుగు శ్రేణి బడి ఒక్కటీ మిగల్లేదు. అదే సమయంలో ఉపాధ్యాయులు పెద్ద సంఖ్యలో వెళ్లిపోయారు, పిల్లల నమోదు తగ్గింది. 2024 నవంబరులో పాత భవనాల మరమ్మతులకు, ఏసీలకు, భద్రతకు 440 కోట్ల డాలర్ల బాండుకు, అంటే పన్నులతో తీర్చే అప్పుకు, అనుమతి అడిగితే, నమ్మకం లేనిదే బాండు లేదన్న నినాదంతో ఓటర్లు స్పష్టమైన ఆధిక్యంతో తిరస్కరించారు. తమ పిల్లల బడిలో ఏసీ బాగుచేయించుకోవడానికి సైతం డబ్బు ఇవ్వమని ఒక నగరం అన్నదంటే, ఆ కోపం ఏసీల మీద కాదు. మార్కుల పట్టికను సరిచేయడంలో అకాడమీ తర్ఫీదు ఎంత పదునైనదో హ్యూస్టన్ నిరూపించింది. ఆ పట్టిక చూపించి ఊరిని తన వెంట నడిపించుకోవడం ఆ తర్ఫీదులో లేదని కూడా అదే హ్యూస్టన్ నిరూపించింది.

నిలిచినవారూ ఉన్నారు. రోడ్ ఐలండ్ రాష్ట్ర కమిషనర్‌గా ఉన్నప్పుడు, 2010లో, ఒక హైస్కూలు ఉపాధ్యాయులందరినీ తొలగించాలన్న నిర్ణయాన్ని సమర్థించి దేశమంతటా వివాదంలో పడిన డెబొరా గిస్ట్, ఆ తర్వాత ఓక్లహోమాలోని టల్సా డిస్ట్రిక్టును ఎనిమిదేళ్లు నడిపారు. టల్సా ఆమె సొంత ఊరు. పెడ్రో మార్టినెజ్ చదువుకు అకౌంటెంట్, ఉపాధ్యాయుడిగా ఎన్నడూ పనిచేయనివాడు. శాన్ ఆంటోనియోలో ఆరేళ్లుండి, కుటుంబ ఆదాయాల మ్యాపులు వేయించి, పేద పిల్లలూ కలవారి పిల్లలూ ఒకే బడిలో చదివే ఏర్పాటు చేయించి, తాను చదువుకున్న షికాగోకు 2021లో తిరిగి వెళ్లారు. మేయర్‌తో విభేదాల వల్ల 2024 డిసెంబరులో బోర్డు తొలగించినా, కొద్ది నెలలకే మసాచుసెట్స్ రాష్ట్రం ఆయనను విద్యా కమిషనర్‌గా తీసుకుంది. పాఠం చెప్పనివారు పనికిరారన్న వాదానికి మార్టినెజ్ ఒక్కరే తగిన జవాబు. ఆ అభ్యంతరంతో నేను ఏకీభవించను. నా అభ్యంతరం పాఠం గురించి కాదు, ఊరి గురించి.

డబ్బు గురించి ఒక మాట చెప్పక తప్పదు. 2009లో డెట్రాయిట్ డిస్ట్రిక్టుకు అత్యవసర ఆర్థిక నిర్వాహకుడిగా వచ్చిన రాబర్ట్ బాబ్ అకాడమీ పట్టభద్రుడు. ఆయన జీతంలో కొంత భాగాన్ని బ్రోడ్ ఫౌండేషన్‌తో సహా ప్రైవేటు సంస్థలు భరించాయి. 2015లో లాస్ ఏంజెలెస్ పిల్లలలో సగంమందిని ఎనిమిదేళ్లలో చార్టర్ స్కూళ్లకు చేర్చాలన్న 49 కోట్ల డాలర్ల ప్రణాళిక బ్రోడ్ ఫౌండేషన్ నుంచి బయటికి పొక్కింది. శిక్షణ ఇచ్చేదీ, శిక్షణ పొందినవారి జీతంలో పాలు పంచుకునేదీ, వారి డిస్ట్రిక్టుకు పోటీగా నిలిచే బడులకు పెట్టుబడి పెట్టేదీ ఒకే చేయి అయినప్పుడు తల్లిదండ్రులు అనుమానించడాన్ని అజ్ఞానం అనలేం. ఒక పట్టభద్రుడు ఎంత స్వతంత్రంగా పనిచేసినా, ఊళ్లో అడుగుపెట్టకముందే ఆయన మీద ఆ అనుమానపు నీడ పడేది. పదవీకాలం కుదించుకుపోవడంలో దీనికీ వాటా ఉంది, ఈ వాటాకు పూర్తి బాధ్యత సంస్థదే.

మన దగ్గర ఈ నమూనాను అరువు తెచ్చుకోవాలా అన్నది వేరే ప్రశ్న. జాతీయ విద్యా ప్రణాళికా సంస్థలో 2012 నుంచి పాఠశాల నాయకత్వ కేంద్రం ఉంది, ఢిల్లీ ప్రభుత్వం ప్రిన్సిపాళ్లను అహ్మదాబాద్ ఐఐఎంకు, కేంబ్రిడ్జికి పంపింది. కాని తెలంగాణలో ఎన్నో మండలాలు ఏళ్ల తరబడి ఇన్‌చార్జి ఎంఈవోలతోనే నడిచాయి. తన హైస్కూలు పనితో పాటు మండలంలోని బడులన్నిటి బరువు మోసే సీనియర్ హెడ్మాస్టరుకు వారాంతపు మేనేజ్‌మెంట్ తరగతి కంటే ముందు కావలసింది పూర్తికాలపు పోస్టు. ఆ పోస్టు ఇచ్చాక బడ్జెట్, సమాచార విశ్లేషణ, సిబ్బంది పంపిణీ నేర్పడానికి రెసిడెన్సీ వంటి ఏర్పాటు మనకు చక్కగా సరిపోతుంది. అకాడమీ వంటిది అవసరం లేదు.

2019 డిసెంబరులో బ్రోడ్ ఫౌండేషన్ పది కోట్ల డాలర్ల విరాళంతో ఈ కేంద్రాన్ని యేల్ విశ్వవిద్యాలయపు మేనేజ్‌మెంట్ కళాశాలకు అప్పగించింది. ఆ కళాశాల చరిత్రలో అంతకుముందు అంత పెద్ద విరాళం లేదు. ఈలై బ్రోడ్ 2021 ఏప్రిల్‌లో మరణించారు. ఇప్పుడు అక్కడ రెండు మార్గాలున్నాయి: ఎదుగుతున్న అధికారులకు రుసుము లేని మాస్టర్స్ పట్టా, ఉన్నత స్థాయిలో ఉన్నవారికి ఫెలోషిప్. విశ్వవిద్యాలయం గొడుగు కిందికి వెళ్లడం వల్ల పాత అనుమానం కొంత తగ్గింది, పరిశోధనకు చోటు పెరిగింది. అమెరికాలో డిస్ట్రిక్టుల ఆర్థిక, సమాచార, నిర్వహణ విభాగాలలో పనిచేస్తున్న తెలుగువారు పట్టా ఉచితమన్న కారణంగానైనా దీన్ని చూడవచ్చు. నిర్వహణ విద్య, బడ్జెట్ పట్టు, దేశమంతటా పరిచయాలు — ఈ మూడింటికీ అయిదుకు నాలుగున్నర ఇస్తాను. ఊరిని గెలుచుకోవడం నేర్పే విషయంలో పాత అకాడమీకి రెండుకు మించి ఇవ్వలేను. దరఖాస్తు చేసేవారు ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న అడిగి తీరాలి: మీ పూర్వ విద్యార్థులలో ఒకే డిస్ట్రిక్టులో ఏడేళ్లు దాటినవారు ఎంతమంది, వారిలో ఒకరితో నన్ను మాట్లాడిస్తారా? ఆ మాట కలిపించగలిగితే చేరవచ్చు.